న్యూజెర్సీకి దగ్గర్లో ఇంప్రెషనిస్టు చిత్రాలు ఎక్కడ చూడొచ్చు?

ఎడిసన్‌లో ఉంటున్నాం, ఫ్రెంచి చిత్రకారుడు మోనే తరహా ప్రకృతి చిత్రాలంటే ఇష్టం, ప్రతిసారీ న్యూయార్క్ వెళ్ళాల్సిందేనా అని ఒకరు అడిగారు. అక్కర్లేదండీ. డెలవేర్ నది దాటితే పెన్సిల్వేనియాలో బక్స్ కౌంటీ. అక్కడి న్యూ హోప్ చుట్టుపక్కల పల్లెలకు 1898 ప్రాంతంలో విలియం లాత్రాప్, ఎడ్వర్డ్ రెడ్‌ఫీల్డ్ అనే చిత్రకారులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ వెనకే ఇంకొందరు. ఆ నది, కాలువ, రాతి ఇళ్ళు, మంచు, ఇవే వాళ్ళ బొమ్మలు. ఇంప్రెషనిజం అంటే ఆ క్షణంలో కనిపించే వెలుగునీ రంగులనీ కుంచెతో పట్టుకోవడం; పెన్సిల్వేనియా ఇంప్రెషనిజం అంటే ఇదే.

ఆ చిత్రాలు బాగా చూడ్డానికి దొరికేది డోయిల్స్‌టౌన్‌లోని మిచెనర్ ఆర్ట్ మ్యూజియంలో. ఒకప్పటి కౌంటీ జైలు ఆవరణలో 1988లో తెరిచారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అమెరికాలో నాకది రెండో చలికాలం. మంచు పేరెత్తితేనే దిగులుగా ఉండేది. రెడ్‌ఫీల్డ్ మంచు చిత్రం ఒకటి దూరం నుంచి తెల్లగా కనిపించింది. దగ్గరికి వెళ్తే అందులో తెలుపు ఎంతో లేదు! నీడల్లో లేత నీలం, వంగపువ్వు రంగు, ఎండ పడ్డచోట వెన్నలాంటి పసుపు. రంగు మందంగా మెత్తారు, దున్నిన చేలో చాళ్ళలా కుంచె గీతలు లేచి ఉన్నాయి. చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

రెడ్‌ఫీల్డ్ పెద్ద కాన్వాసుని గాలికి పడిపోకుండా చెట్టుకి కట్టేసి, మంచులో నిలబడి ఒక్కరోజులో బొమ్మ ముగించేవారట. నచ్చనివి ఎన్నో 1947లో తానే తగలబెట్టారు. 1923లో పిడుగు పడి డెలవేర్ నది మీది సెంటర్ బ్రిడ్జ్ వంతెన కాలిపోవడం కళ్ళారా చూసి గీసిన చిత్రం కూడా ఈ మ్యూజియం సొత్తే.

వాళ్ళలోనే ఇంకో చిత్రకారుడు డేనియల్ గార్బర్‌ది వేరే దారి, నిదానం. ఆయన చెట్లలో వెలుగు నేతలా అల్లుకుని ఉంటుంది. 1926లో గీసిన 22 అడుగుల అడవి చిత్రాన్ని మాత్రం కూర్చుని చూడండి. ముదురు రంగుల ఇళ్ళు ఇష్టమైతే ఫెర్న్ కాపెడ్జ్ అనే చిత్రకారిణి ఉన్నారు.

తర్వాతి శనివారం రంగులు పట్టుకుని ఆ నది పక్కనున్న లంబర్‌విల్ అనే ఊరి దగ్గర కాలువగట్టుకి వెళ్ళాను. చలికి ఆయిల్ రంగు బిగుసుకుపోయి ట్యూబులోంచి రావడం లేదు. అరగంటకే వేళ్ళు మొద్దుబారాయి. పోస్ట్‌కార్డంత అట్ట మీద నాలుగు నీడలు మాత్రం వేయగలిగాను, నీలంగా. రెడ్‌ఫీల్డ్ అలా రోజంతా నిలబడ్డారంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

మీరు కూడా చలికాలంలోనే వెళ్ళండి. పొద్దున మ్యూజియం, సాయంత్రం నది పక్క రోడ్డు. చిత్రాలు మారుస్తుంటారు కాబట్టి రెడ్‌ఫీల్డ్‌వి ఇప్పుడు గోడమీద ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.