ఫోను వేసే మార్కును నమ్మవచ్చా?

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పిల్లలు పరుగెత్తడం, దూకడం, బంతి విసరడం వీడియో తీస్తే చాలు, యాప్ తానే మార్కు వేస్తుందంటున్నారు. ఆరో తరగతి పిల్లల ప్రగతి పత్రంలో ఆ మార్కు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: వేయవద్దనే నా సలహా. అయితే ఫోనును పక్కన పెట్టనక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పరీక్షలోని 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు వంటివి దేహ దారుఢ్యాన్ని కొలుస్తాయి. కానీ చలన నైపుణ్యాన్ని, అంటే పరుగు, దూకడం, విసరడం వంటి కదలికల నేర్పును చూసేటప్పుడు ఎంత వేగం, ఎంత దూరం అన్నదానికంటే ఆ పని ఎలా చేశారన్నది ముఖ్యం. అమెరికాలో డేల్ ఉల్రిచ్ రూపొందించిన టీజీఎండీ-3 అనే పరీక్షలో 13 నైపుణ్యాలున్నాయి. ఒక్కో నైపుణ్యాన్ని రెండుసార్లు చేయించి, నిర్దేశించిన లక్షణం కనిపిస్తే 1, కనిపించకపోతే 0 వేస్తారు. ఉదాహరణకు, కుడిచేత్తో భుజం మీదుగా గోడ వైపు బంతి విసిరే పాప ఎడమ కాలు ముందుకు వేసిందా, నడుమును, భుజాలను తిప్పి ఎడమ పక్కను గోడ వైపు తిప్పిందా, బంతి వదిలాక ఆమె చెయ్యి ఒంటికి అడ్డంగా ఎడమ తుంటి వైపు వచ్చిందా అని చూస్తారు. బంతి ఎంత దూరం పడిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఈ పరీక్ష 3 ఏళ్ల నుంచి 10 ఏళ్ల 11 నెలల లోపు వారికి ఉద్దేశించినది, దాని ప్రమాణాలు అమెరికా పిల్లలవి. మీ ఆరో తరగతిలో చాలామంది ఆ వయసు దాటి ఉంటారు. అందువల్ల లక్షణాల జాబితాను పరిశీలనకు వాడుకోండి, దాని స్కోరుతో మన పిల్లలను పోల్చకండి.

ఈ లక్షణాలు రెప్పపాటులో జరిగిపోతాయి కాబట్టి స్లో మోషన్ వీడియో నిజంగా మేలు చేస్తుంది. కానీ కొలతల విషయంలో జాగ్రత్త అవసరం. పాప పైకి ఎగిరిన ఎత్తును గాలిలో ఉన్న సమయాన్ని బట్టి లెక్కిస్తారనుకుందాం. పాదాలు నేలను వదిలిన క్షణం నుంచి తిరిగి తాకే క్షణం దాకా 0.4 సెకన్లు పడితే ఎగిరిన ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు (విడి చిత్రాలు) తీసే మామూలు వీడియోలో ఒక్క ఫ్రేము తేడా వస్తేనే అది 23 అవుతుంది. 240 ఫ్రేముల వీడియోలో ఆ తేడా అర సెంటీమీటరు లోపే. కీళ్లను గుర్తించి కోణాలు లెక్కించే యాప్‌లకైతే కెమెరా కాస్త ఏటవాలుగా ఉన్నా మోకాలి వంపు తప్పుగా కనిపిస్తుంది. వెనక మరో పిల్లవాడు పరుగెత్తితే ఎవరి కాలు ఎవరిదో తికమకపడే యాప్‌లూ ఉన్నాయి. ఫోనును స్టాండు మీద, పాప నడుము ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి, తల నుంచి పాదాల దాకా ఫ్రేములో పట్టేంత దూరంలో పెట్టండి.

ఇంకొక మాట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. వీడియోను తన సర్వరుకు పంపే యాప్‌ను దయచేసి వాడకండి. ముందుగా తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకుని, పాఠశాల ఫోనులోనే వీడియో తీసి, లక్షణాలు రాసుకున్నాక దాన్ని తొలగించండి.