నడుము మాటిమాటికీ పట్టేస్తుంటే మాత్రలు కాకుండా ఇంకేం చేయొచ్చు?

కూర్చుని చేసే ఉద్యోగం, రెండు మూడు నెలలకోసారి నడుము పట్టేయడం, మాత్ర వేసుకుంటే తగ్గి మళ్ళీ రావడం. ఇదీ మీ బాధ. ఆయుర్వేదం, ఆక్యుపంక్చర్ పనిచేస్తాయా, బెల్టు వాడొచ్చా అని అడిగారు. నాది తెనాలిలో టైలరింగ్ షాపు. కటింగ్ టేబుల్ మీద వంగడం, ఆ తర్వాత మిషన్ ముందు కూర్చోవడం, ఏళ్ళ తరబడి ఇదే పని. మీలాగే చాలా కాలం అవస్థ పడ్డాను, ఇప్పుడు పట్టేయడం బాగా తగ్గింది. డాక్టర్ని కాదు కాబట్టి నా అనుభవంగానే తీసుకోండి.

ముందు ఒక్క మాట. పట్టేసిన నడుమును వదిలించేవి వేరు, మళ్ళీ పట్టకుండా చూసేవి వేరు. మసాజ్ అయినా తైలమైనా మొదటి పనే చేస్తుంది. దాని నుంచి రెండోది కూడా ఆశిస్తాం కాబట్టే ఊరికే వైద్యాలు మారుస్తూ ఉంటాం.

వదిలించడానికి నాకు బాగా పనిచేసింది వేడి. మా అమ్మ వావిలాకును కాస్త ఆముదంలో వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టేది. ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుని, చర్మం ఓర్చుకుంటుందనిపించాకే నా నడుముకి పెట్టేది. ఆకు దొరక్కపోతే రాళ్ళ ఉప్పు వేయించి కట్టినా, వేడినీళ్ళ బ్యాగు పెట్టినా హాయిగానే ఉంటుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం కాపడంతో చాలా జాగ్రత్తగా ఉండాలి, కాలినా తెలియదు.

కటి వస్తి అనే ఆయుర్వేద చికిత్స కూడా చేయించుకున్నాను. బోర్లా పడుకోబెట్టి, మినప్పిండి ముద్దతో నడుము మీద గుండ్రంగా గట్టు కడతారు. అందులో గోరువెచ్చని తైలం పోస్తారు. చల్లారుతుంటే దూదితో పిండి తీసి, వేడిగా ఉన్నది మళ్ళీ పోస్తూ ఉంటారు. లేచేసరికి బిగుసుకున్న కండరం మెత్తబడినట్టు స్పష్టంగా తెలిసేది. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే ప్రైవేటు ప్యాకేజీలకు డబ్బు పోసే ముందు ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో అడగండి.

ఆక్యుపంక్చర్ నేను చేయించుకోలేదు. దాని మీద పెద్ద సంస్థలకే ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ (NICE) అనే సంస్థ 2016లో నడుము నొప్పికి అది వద్దంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే అక్కడి డాక్టర్ల సంఘం ప్రయత్నించవచ్చని చెప్పింది. చేయించుకుంటే డిస్పోజబుల్ సూదులు వాడే చోటే చేయించుకోండి.

నేను గట్టిగా వద్దనేవి రెండు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుము తన్నించుకోమని మన ఊళ్ళలో ఇంకా చెబుతారు. కండరం బిగుసుకుని ఉన్నప్పుడు, లోపల ఏముందో తెలియకుండా నడుము మీద దెబ్బ వేయించుకోకండి. రెండోది లేబుల్ లేని పొడులు, నల్ల మాత్రలు. ఒక్క రోజులో నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని అనుమానించాల్సిందే.

ఇక మళ్ళీ రాకుండా చూసేది వ్యాయామమే. కాపడంతోనో తైలంతోనో నొప్పి తగ్గిన ఆ నాలుగు రోజుల్లోనే మొదలుపెట్టాలి. అప్పుడు వదిలేస్తే చేయించుకున్న వైద్యం వృథా అవుతుంది. నాకు ఫిజియోథెరపిస్ట్ నేర్పినవాటిలో బాగా పనికొచ్చినది ఇది: అరచేతులు, మోకాళ్ళ మీద ఉండి, కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపాలి. నడుము కుంగకుండా, పక్కకు ఒరగకుండా కొన్ని సెకన్లు నిలబెట్టి, మళ్ళీ రెండో వైపు. కెనడాకు చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ అనే ప్రొఫెసర్ నడుముకి ముఖ్యమని చెప్పిన మూడు వ్యాయామాల్లో ఇదొకటి. యోగాలో అయితే మార్జాలాసనం (పిల్లిలా వీపును పైకి, కిందకి వంచడం), సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం) నాకు పడ్డాయి. పశ్చిమోత్తానాసనం లాంటి ముందుకు వంగేవి నొప్పి ఉన్నన్నాళ్ళు పక్కన పెట్టాను. పూర్తిగా మంచానికి అతుక్కుపోవద్దు. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా పక్కకు తిరిగి, కాళ్ళు కిందకి దించి, మోచేతి మీద బరువు వేసి లేవండి. కాస్త నిలబడగలిగితే ఇంట్లోనే నడవండి.

ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం) అని వస్తే టెన్షన్ పడకండి. నొప్పే లేని 20 ఏళ్ళ వాళ్ళలో కూడా దాదాపు 30 శాతం మందికి అది కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక పరిశోధన సమీక్ష చెప్పింది. అయితే కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం రాకుండా ఆగిపోయినా లేదా తెలియకుండా పోయినా ఇవన్నీ పక్కనపెట్టి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళండి. నొప్పి జ్వరంతో కలిసి వచ్చినా, బరువు తగ్గుతున్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా డాక్టరుకు చూపించాకే మిగతావి.

బెల్టు సంగతి. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో చెప్పింది. బాగా పట్టేసిన రోజు బస్సెక్కాల్సి వస్తే నేను పెట్టుకుంటాను, ఇంటికి రాగానే తీసేస్తాను. మీరు కుర్చీలో ఒక్క దఫాలో ఎంతసేపు కూర్చుంటారో, నొప్పి కాల్లోకి పాకుతుందో లేదో కూడా రాయండి. దాన్ని బట్టి ఏ వ్యాయామం ముందు మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్ట్‌ను ఎలా అడగాలో చెబుతాను.