కంప్యూటర్ వాటర్ కూలింగ్‌లో రెండు పంపులు: సిరీసా, పారలలా?

రెండు డీ5 పంపులు (కంప్యూటర్ కూలింగ్‌లో నీళ్లు తిప్పే పంపుల్లో ఒక రకం) కొంటున్నాను, సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) పెట్టాలా పారలల్‌లో (పక్కపక్కన) పెట్టాలా, టెంపరేచర్ ఎంత తగ్గుతుంది అని అడిగారు. సిరీస్‌లో పెట్టండి. టెంపరేచర్ కోసమైతే రెండో పంపు అసలు కొనకండి.

సిరీస్‌లో రెండు పంపుల ప్రెషర్ కలుస్తుంది, పారలల్‌లో ఫ్లో కలుస్తుంది. ఈ ఫ్లో అన్న మాట చూసే చాలామంది పారలల్ వైపు వెళ్తారు. కానీ మన లూప్‌లో, అంటే నీళ్లు తిరిగే దారిలో, సీపీయూ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకు ఇచ్చే దిమ్మ) లోపల సందులు ఎంత సన్నగా ఉంటాయో ఒకసారి విప్పి చూడండి. నీళ్లు అక్కడ అడ్డుపడుతున్నప్పుడు వాటిని తొయ్యడానికి కావలసింది ప్రెషరే. అప్పుడు కూడా సిరీస్‌లో ఫ్లో రెట్టింపు కాదు, ఎందుకంటే ఫ్లో పెరిగేకొద్దీ అడ్డు దాదాపు దాని వర్గంలో పెరుగుతుంది. మహా అయితే 1.4 రెట్లు, నిజానికి అంతకంటే తక్కువే.

మా బావమరిదికి దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి వీడియోల ఎడిటింగ్ యూనిట్ ఉంది. మే నెల, ముహూర్తాల మీద ముహూర్తాలు, రాత్రంతా రెండరింగ్. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి "బావా, సిస్టమ్ నత్తలాగా నడుస్తోంది, పొద్దున్నే పెళ్లివాళ్లు వస్తారు, ఒకసారి రా" అన్నాడు. వెళ్లి చూస్తే ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి ఉంది, రేడియేటర్ ఫ్యాన్లు మాత్రం ఫుల్ స్పీడులో అరుస్తున్నాయి. అసెంబుల్ చేసిన షాపువాళ్లు రెండు పంపులను వై ఫిట్టింగ్‌తో పారలల్‌లో కలిపారు. వాటిలో ఒకటి ఆగిపోయింది. ఒకటి పోతే రెండోది ఉందిగా అని వాడి ధీమా. టార్చ్ వేసి ట్యూబులు చూశాను. ఆగిపోయిన పంపు నుంచి బయటికి రావలసిన ట్యూబులో బుడగలు వెనక్కి, ఆ పంపులోకే వెళ్తున్నాయి! బాగున్న పంపు తోసిన నీళ్లు బ్లాకులోకి కష్టపడి వెళ్లడం మానేసి, వై దగ్గర తిరిగి చచ్చిన పంపులోంచి రిజర్వాయర్ (లూప్ నీళ్లు నిలవ ఉండే డబ్బా) లోకి హాయిగా జారిపోతున్నాయన్నమాట. మెత్తటి ట్యూబు కాబట్టి దాన్ని చేత్తో మడిచి గట్టిగా పట్టుకున్నాను. చూస్తుండగానే నంబర్లు దిగడం మొదలై డెబ్బైల్లోకి వచ్చేశాయి. మడత విడిపోకుండా కేబుల్ టైలు బిగించి ఆ రాత్రి రెండర్ ఒక్క పంపుతోనే పూర్తి చేయించాం.

అపార్ట్‌మెంట్ మోటార్లకు ప్లంబర్లు ఎన్ఆర్‌వీ (నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వు) పెట్టేది ఇలా వెనక్కి పోకూడదనే. పారలల్‌లో ప్రతి పంపుకీ అలాంటి వాల్వు ఉండాలి. లేకపోతే రెండో పంపు ఉండి కూడా లేనట్టే. సిరీస్‌లో ఈ గొడవే లేదు. ఒకటి ఆగినా రెండోది దానిలోంచే నీళ్లు తోస్తుంది, ఫ్లో కాస్త తగ్గుతుంది, అంతే. తర్వాత వాడి సిస్టమ్‌ను కొత్త పంపు తెప్పించి సిరీస్‌లోకి మార్చాం.

ఇక టెంపరేచర్ సంగతి. సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు కలిపి 400 వాట్ల వేడి ఇస్తున్నాయనుకోండి. నిమిషానికి 4 లీటర్ల ఫ్లో ఉంటే ఆ నీళ్లు ఒక చుట్టులో వేడెక్కేది 1.4 డిగ్రీలు మాత్రమే. ఫ్లో రెట్టింపు చేసినా అక్కడ మిగిలేది 0.7 డిగ్రీ, బ్లాకు దగ్గర ఇంకో డిగ్రీ కలిసొస్తే గొప్ప. పైగా ఫుల్ స్పీడులో ఒక్కో డీ5 20 వాట్ల పైన తింటుంది, అందులో చాలా భాగం ఆ నీళ్లలోకే వేడిగా వెళ్తుంది. యూట్యూబ్‌లో చల్లటి దేశాల వాళ్లు ఏసీ గదుల్లో చేసిన టెస్టులు చూసి మనవాళ్లు ఇక్కడ లెక్కలు వేసుకోవడం నాకు అస్సలు నచ్చదు. హైదరాబాద్‌లో మే నెలలో బయట 40 దాటితే, పై అంతస్తు స్లాబు కింద గది 35 ఉంటుంది. గది కంటే చల్లగా నీళ్లను ఏ పంపూ చెయ్యలేదు.

కాబట్టి రెండో పంపు ఇన్సూరెన్స్ కోసమే. దాన్ని అలాగే చూసుకోండి. రెండింటికీ కరెంటు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి వేర్వేరు కేబుళ్లతో ఇవ్వండి, ఒక్క కనెక్టర్ లూజ్ అయితే రెండూ ఆగకూడదు. ఆర్‌పీఎం చూపించే వైర్లు కూడా మదర్‌బోర్డులో వేర్వేరు హెడర్లకు (పిన్నులకు) పెట్టండి. రెంటికీ కలిపి ఒక్క స్ప్లిట్టర్ ఇస్తే మామూలుగా ఒక్క పంపు స్పీడే కనబడుతుంది, రెండోది ఎప్పుడు పోయిందో మీకు తెలియదు. షాపుల్లో దీని గురించి అడిగితే రంగు లైట్లు చూపిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. అన్నట్టు లూప్‌లో తాగే నీళ్ల క్యాను పొయ్యకండి, ఇది కూడా చూశాను. ఏదైనా మంచి కూలెంట్ పొయ్యండి.

మొదటి పంపు రిజర్వాయర్ కిందే ఉండాలి, నీళ్లు లేకుండా తిరిగితే పాడవుతుంది. రెండోది లూప్‌లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. రెండింటినీ సగం స్పీడుకు కాస్త పైన నడపండి, చప్పుడు బాగా తగ్గుతుంది.

మీ రేడియేటర్ సైజు చెప్పలేదు. సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండింటికీ కలిపి 240 (రెండు ఫ్యాన్ల రేడియేటర్) ఒక్కటే ఉంటే మాత్రం పంపు ఆర్డర్ ఆపి, ముందు ఆ డబ్బుతో దానికి తోడుగా ఒక 360 (మూడు ఫ్యాన్లది) తీసుకోండి.