అండాశయ కణాలను చదవబోయే అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

మానవ అండాశయంలో అండకణాన్ని చుట్టి పెంచే చిన్న సంచి, అంటే ఫాలికల్‌లోని కణాలను విడదీసి ఒక్కొక్కదానిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో (జన్యు వ్యక్తీకరణను) చదవబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. కంప్యూటర్ విశ్లేషణ గురించి నీ తోటివారే నాకన్నా బాగా చెబుతారు. నేను చెప్పదలచినది అంతకు ముందరి పని గురించి, కణజాలం నీ చేతికి అందిన మొదటి కొన్ని గంటల గురించి.

ఇంకా ఎదగడం మొదలుపెట్టని ప్రైమార్డియల్ దశలో అండకణం సుమారు 35 మైక్రాన్లు ఉంటుంది, దాని చుట్టూ ఒకే వరుసలో, దాన్ని పోషించే పలచని గ్రాన్యులోసా కణాలు ఉంటాయి. పూర్తిగా ఎదిగేసరికి ఆ అండకణం 120 మైక్రాన్ల దాకా పెరుగుతుంది. పక్కనున్న గ్రాన్యులోసా కణం మాత్రం 10 మైక్రాన్ల దగ్గరే ఉండిపోతుంది. ఈ తేడాను పట్టించుకోక, తొలి ప్రయోగంలో నేను అన్నిటినీ 40 మైక్రాన్ల జల్లెడలోనే వడగట్టాను. ఫలితాల్లో స్ట్రోమా కణాలు, అంటే ఫాలికల్స్ మధ్య ఉండే ఆధార కణాలు, వేలకొద్దీ కనిపించాయి గాని ఎదిగిన అండకణం ఒక్కటీ లేదు. మరుసటిసారి జల్లెడను పారేయకుండా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, అవి వల గళ్ల మీద గాజుపూసల్లా నిలిచి ఉన్నాయి. అందుకే పెద్ద అండకణాలను సన్నని గాజు పిపెట్‌తో చేత్తో ఏరి విడిగా చదివించు.

కణాలను విడదీసే ఎంజైమ్ కొలాజినేజ్‌లో కణజాలాన్ని 37 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచకు. ఫాస్, జూన్ వంటి ఒత్తిడి జన్యువులు మేలుకొని, లేని కణరకం ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి.

ఒక్క గుర్తునే, అంటే ఒక్క జన్యువునో ప్రొటీన్‌నో, నమ్మి కణానికి పేరు పెట్టకు. ఎదుగుతున్న ఫాలికల్స్ గ్రాన్యులోసా కణాలు చేసే హార్మోన్ ఏఎంహెచ్ లేదు కనుక గ్రాన్యులోసా కాదనుకుంటే, ఇంకా ఎదగడం మొదలుపెట్టని ఫాలికల్స్‌ను పొరబాటున పక్కన పెట్టేస్తావు. గ్రాన్యులోసా కణాల మరో గుర్తు, ఫాక్స్‌ఎల్2 జన్యువు కూడా చూడు. అండకణాల్లో ఉండే డీడీఎక్స్4 ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీకి అతుక్కున్న కణాలను అండ మూలకణాలని కొందరు చాలాకాలం వాదించారు. 2020లో స్వీడన్ పరిశోధకులు 21 మంది రోగుల అండాశయ కార్టెక్స్‌ను (బయటి పొరను) ఒక్కొక్క కణంగా చదివినప్పుడు, ఆ యాంటీబాడీ పట్టినవి రక్తనాళాలను అంటిపెట్టుకుని ఉండే కణాలని తేలింది. ఇంత పెద్ద వాదం ఒక్క యాంటీబాడీ మీద నిలబడిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కనుక ప్రతి దాత కణజాలంలోనూ ఒక తునకను మొదటి రోజే ఫార్మలిన్‌లో పక్కన పెట్టు. నీ కంప్యూటర్ చూపిన కణగుంపు నిజంగా ఫాలికల్ గోడలో ఉందో, బయటి రక్తనాళం పక్కన ఉందో ఆ తునకను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద కళ్లారా చూశాకే దానికి పేరు పెట్టు. ఆ తునకలు ఇచ్చినవారిలో కొందరు క్యాన్సర్ చికిత్సకు ముందు అండాశయ కణజాలాన్ని భద్రపరచుకోవడానికి వచ్చిన స్త్రీలు. వారి దగ్గరికి రెండోసారి వెళ్లి అడగలేవు.