గ్యోంగ్జు వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

దక్షిణ కొరియాలోని గ్యోంగ్జు ఊరి మీద నువ్వు రాసి పంపిన ‘గ్యోంగ్జులో తప్పక చూడవలసిన 22 ప్రదేశాలు’ రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడిచింది, శ్రమ పడ్డావని తెలుస్తూనే ఉంది. అయినా చదవడం ముగించాక, ఒక్క రోజు మాత్రమే చేతిలో ఉన్న మనిషి ఆ ఊళ్లో దిగి ఎటు నడవాలో నాకు బోధపడలేదు. ఇరవై రెండింటికీ తలా నాలుగు వాక్యాలు పంచిపెట్టావు. పెళ్లిలో వడ్డించేవాడు కూడా పప్పుకీ ఊరగాయకీ ఒకే గరిటె వాడడు కదా!

సంప్రదాయ గణన ప్రకారం క్రీ.పూ. 57 నుంచి క్రీ.శ. 935 వరకు, అంటే దాదాపు వెయ్యేళ్లు, ప్రాచీన కొరియాలోని సిల్లా రాజ్యానికి రాజధానిగా వెలిగిన ఊరది. అంతటి ఊరికి వెళ్లేవాళ్లు ఆకాశాన్నంటే కోటలను ఊహించుకుని వెళతారు. వారికి ముందుగా ఎదురయ్యేవి గడ్డి మొలిచిన మట్టి గుట్టలు. అందుచేత అక్కడ కంటికి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో రెండూ ముందే చెప్పడం నీ పని. నీ చిత్తుప్రతిలో ఆ రెండో సగం పూర్తిగా లోపించింది.

ద్యేరుంగ్‌వన్‌ను ‘రాజసమాధుల అద్భుత సముదాయం’ అన్న ఒక్క ముక్కతో దాటేశావు. ఆగవలసిన చోటు అదే. అక్కడున్న ఇరవైమూడు సమాధుల్లో సందర్శకులు లోపలికి వెళ్లి చూడగలిగింది 1973లో తవ్విన చొన్‌మాచొంగ్. గుట్టను నిలువునా కోసినట్టు చూపిస్తారు: అడుగున శవపేటిక ఉంచిన కర్రగది, దాని చుట్టూ, పైనా రాళ్ల పోగు, ఆ రాళ్ల మీద మట్టి. కర్ర పుచ్చి కూలగానే రాళ్లన్నీ లోపలికి జారి పేటికను కప్పేశాయి. లోపలికి దారే లేని ఆ రాళ్ల కుప్పను తొలుచుకుని వెళ్లడం దొంగలకు అలవి కాని పని గనకనే బంగారు కిరీటంతో సహా పదకొండు వేలకు పైగా వస్తువులు మనదాకా మిగిలాయి. సమాధికి ఆ పేరు (‘దివ్యాశ్వ సమాధి’ అని అర్థం) రావడానికి కారణమైన గుర్రం బొమ్మను భూర్జ బెరడు మీద చిత్రించారు. జీనుకు ఇరుపక్కలా బురద చిందకుండా వేలాడదీసే పలక అది. ఇంత తెలిసిన పాఠకుడు బయటికి వచ్చి మిగిలిన గుట్టలను వేరే కన్నుతో చూస్తాడు. నువ్వు ఏకరువు పెట్టిన ఎత్తులూ చుట్టుకొలతలూ ఆ పని చేయలేవు.

అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే ఏడో శతాబ్దంలో సొందొక్ రాణి కాలంలో కట్టిన చొమ్‌సొంగ్‌దే అనే, నక్షత్రాలను పరిశీలించే వేధశాల ఉంది. దాని ఎత్తు సుమారు తొమ్మిది మీటర్లే. చూసినవాడు ‘ఇంతేనా’ అంటాడు. అంటాడని నువ్వే ముందు రాసి, ఆ తరవాత అతని చూపును కిటికీ వైపు తిప్పు. కింద వాకిలి లేదు, సగం ఎత్తులో చదరపు కిటికీ ఒకటుంది, అక్కడిదాకా లోపలంతా మట్టీ రాళ్లూ నింపారు. లోపలికి ఎలా వెళ్లేవారన్న ప్రశ్న అతనికే తడుతుంది.

హ్వాంగ్న్యొంగ్సా అనే పాత బౌద్ధాలయ స్థలాన్ని నీ జాబితాలో చేర్చనే లేదు. ఏడో శతాబ్దంలో తొమ్మిది అంతస్తుల కర్రగోపురం లేచి, 1238లో మంగోలుల చేతిలో కాలిపోయిన ఆ చోట ఇప్పుడు ఖాళీ మైదానం, పునాది రాళ్లు మాత్రమే ఉన్నాయి. ఖాళీ మైదానం చూడమని సలహా ఇవ్వడానికి కొంత ధైర్యం కావాలి, తెచ్చుకో.

వొల్జి చెరువుకు చీకటి పడ్డాక వెళ్లమన్నావు. దీపాలు నీళ్లలో కనిపించే వేళ అదే, బాగుంది. అయితే 1975లో అక్కడి బురద తీస్తుండగా దొరికిన, మద్యం విందుల్లో ఆటకు వాడిన పద్నాలుగు ముఖాల కర్ర పాచిక సంగతి వదిలేశావు. దాని ఒక్కో ముఖం మీద ఒక్కో శిక్ష చెక్కి ఉంది: ఒకే గుక్కలో మూడు గిన్నెల మద్యం తాగాలి, పాట లేకుండా ఆడాలి, అందరి చేతా ముక్కు మీద కొట్టించుకోవాలి! అసలు పాచిక, చెడిపోకుండా ఆరబెట్టే ప్రయత్నంలో కాలిపోయింది, ఇప్పుడున్నవి నకళ్లే. ఆ సంగతీ రాయాలి.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట, వెళ్లకుండానే, పుస్తకాలు ముందు పెట్టుకుని సొక్కురం గుహాలయం గురించి రాస్తూ, ఆ గ్రానైట్ బుద్ధుడి ఎదుట కాసేపు కూర్చోండని సలహా ఇచ్చాను. ఒక పాఠకుడు వెళ్లివచ్చి కార్డు రాశాడు: “అయ్యా, అద్దం ఇవతల, వెనక జనం తోస్తుండగా, కూర్చునేది ఎక్కడ?” విగ్రహాన్ని అద్దం వెనకనుంచే చూడాలి, ఫొటో తీయకూడదు. ఆ కార్డు ఇంకా నా బల్ల సొరుగులో ఉంది.

ఆ గుహాలయం ఉన్న కొండ దిగువన బుల్గుక్సాకు కనీసం సగం పూట కేటాయించు. 751లో మొదలైన ఆ ఆలయం 1593లో జపాన్ దండయాత్రలో తగలబడింది. మనకు కనిపించే కర్రకట్టడాల్లో చాలా భాగం తరవాత కట్టినదే, పాతదంతా రాయిలోనే ఉంది. కాబట్టి పాఠకుడి చూపును కిందికి దించు: పునాదిలో ముడిరాళ్లను చెక్కకుండా అలాగే ఉంచి, వాటి ఎగుడుదిగుళ్లకు సరిపోయేలా పైరాతి అడుగును మలిచిన తీరు చూడమను. దబోతాప్ స్తూపం దగ్గర సింహాలను లెక్కపెట్టమను. నాలుగు ఉండేవి, మిగిలింది ఒక్కటి. జేబులో పది వొన్ల నాణెం ఉంటే ఆ స్తూపమే దాని మీద ఉంటుంది.

ఇక రెండు దిద్దుబాట్లు. ఊరి నడిబొడ్డున రైలు దిగమన్నావు. ఆ పాత స్టేషన్ 2021 చివర మూతపడింది, వేగరైలు ఆగే స్టేషన్ ఊరి బయట ఉంది, అక్కడి నుంచి బస్సు ఎక్కాలి. అమరావతి శిల్పులే సిల్లా వాళ్లకు విద్య నేర్పారన్న వాక్యానికి ఆధారం లేదు, కొట్టెయ్. తెలుగువాడికి ఆసక్తి కలిగించే నిజమైన తీగ కావాలంటే హ్యేచో ఉన్నాడు. ఎనిమిదో శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఆ సిల్లా భిక్షువు, దక్షిణ దేశంలో నాగార్జునుడు కట్టించిన విహారం ఒకటి అప్పటికే భిక్షువులు లేక పాడుబడి ఉందని రాసుకున్నాడు. అది నాగార్జునకొండే అని మాత్రం తేల్చి రాయకు.

శీర్షికలోంచి అంకె తీసేసి, వచ్చే నెల మొదటివారంలోగా మళ్లీ పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి