కుక్కపిల్ల సంగతి సరే, మీవారి సంగతేమిటి?

ప్రశ్న: మాది నెల్లూరు. పెళ్ళయినప్పటి నుంచి చెన్నైలోనే ఉంటున్నాం. వేళచ్చేరిలో మూడో అంతస్తులో అపార్ట్‌మెంటు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. రెండేళ్ళ కిందట మామగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చారు. ఆవిడకు మడి పట్టింపు ఎక్కువ. ఐదు వారాల కిందట మా పాప పుట్టినరోజుకు మావారు ఎవరినీ అడగకుండా దత్తత శిబిరం నుంచి 9 వారాల నాటు కుక్కపిల్లను తెచ్చారు. అది ఇల్లంతా పాడు చేస్తోంది. మొన్న పూజగది గడప ముందున్న పట్టా మీద పోసింది. "అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని అత్తయ్యగారు నాతో అని, ఆ పూట భోజనం మానేశారు. మావారేమో "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, కాస్త అలవాటు చెయ్యి" అంటారు. పేపరు చుట్టి రెండు దెబ్బలు వేస్తే సోఫా వెనక దూరి అక్కడే పోస్తోంది. రాత్రి ఒంటిగంటకూ నాలుగింటికీ లేచి తుడుస్తున్నాను. గొడవవుతుందని మావారికి చెప్పలేదు. దాన్ని లిఫ్టులో ఎక్కించవద్దని అసోసియేషన్ వారు అంటున్నారు. అది ఎన్నాళ్ళకు నేర్చుకుంటుంది? అత్తయ్యగారిని ఎలా ఒప్పించాలి? తిరిగి ఇచ్చేయమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరడిగిన మూడు ప్రశ్నల కన్నా, మధ్యలో మామూలుగా రాసి వదిలేసిన "గొడవవుతుందని మావారికి చెప్పలేదు" అన్న వాక్యమే నా మనసును పట్టుకుంది. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. అంతకన్నా ముందు ఆ నోరులేని ప్రాణి విషయం చెప్పాలి, ఎందుకంటే అది పడుతున్న కష్టంలో దాని తప్పేమీ లేదు.

మీ లెక్క ప్రకారం దానికిప్పుడు 14 వారాలు. పిల్ల వయసు ఎన్ని నెలలో అన్ని గంటలకు మరొక గంట కలిపితే వచ్చేది అది ఆపుకోగలిగే గరిష్ఠ సమయమని సాధారణంగా లెక్క వేస్తారు. ఆ లెక్కన నాలుగు గంటలు, అదీ కదలకుండా పడుకున్నప్పుడు; ఆటలో ఉంటే అరగంట కూడా ఆగలేదు. నిద్ర లేవగానే, తిన్న 15, 20 నిమిషాలలో, ఆట ముగియగానే దాన్ని ఎత్తుకుని ప్రతిసారీ ఒకే చోటికి తీసుకువెళ్ళి, పని కానిచ్చిన మరుక్షణమే మెచ్చుకుని చిన్న తినుబండారం పెట్టాలి. ఆ మెప్పు లోపలికి వచ్చాక అందితే దేనికి అందిందో దానికి అర్థం కాదు.

వీధిలో పుట్టిన పిల్ల అయితే పాదాలకు మట్టో గడ్డో తగిలితేనే విడవాలని దానికి అనిపిస్తుంది. మీ ఇంటి నున్నటి టైల్స్ మీద అటూ ఇటూ తిరిగి, ముక్కు నేలకు ఆనించి వాసన చూసుకుంటూ, చివరికి పాదాలకు మెత్తగా తగిలిన చోట ఆగి ఉంటుంది. ఆ మెత్తటిది పూజగది ముందరి పట్టా కావడం మీ దురదృష్టం. అంతేగాని అది దేవుడికీ మీ అత్తగారికీ చేసిన అపచారం కాదు. ఆ పట్టా తీసేసి, బట్టలు ఆరవేయని బాల్కనీలో వెడల్పాటి ట్రేలో మట్టీ గడ్డీ పరచండి. 16 వారాలు నిండి టీకాల వరుస పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దాన్ని దింపకండి, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. తుడిచిన చోట ఫినాయిల్ వాసన మన ముక్కుకే తప్ప, అడుగున మిగిలిన మూత్రపు వాసన కుక్క ముక్కుకు అందుతూనే ఉంటుంది కాబట్టి అది మళ్ళీ అక్కడికే వస్తుంది. పైగా పాదాలకు అంటిన ఫినాయిల్ నాకితే దానికి ప్రమాదం. పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ ద్రావణం వాడండి.

కొట్టడం మాత్రం ఈ రోజే మానేయండి. ఆ రెండు దెబ్బలతో అది నేర్చుకున్నది ఒక్కటే, మనుషుల కంటబడేచోట పోయకూడదని. అందుకే సోఫా వెనకకు వెళుతోంది. తప్పు చేయని తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని భారతంలో దేవతల కుక్క సరమ వచ్చి రాజునే నిలదీసిన కథ మీ అత్తగారికి తెలిసే ఉంటుంది, మీకూ గుర్తుండే ఉంటుంది. గట్టిగా మాట్లాడగానే నక్కినక్కి కాస్త పోసేస్తే అది భయం. పదేపదే కొద్దికొద్దిగా పోస్తుంటే పశువైద్యుడికి చూపించి మూత్ర పరీక్ష చేయించండి. చాలా పిల్లలు ఆరు నెలల వయసుకు కుదురుకుంటాయి, కొన్నింటికి ఏడాది పడుతుంది. లిఫ్టు విషయంలో, భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కను లిఫ్టులోకి రాకుండా ఆపే అధికారం అసోసియేషన్‌కు లేదు. ఆ కాగితం పట్టుకుని కార్యదర్శితో మాట్లాడవలసింది మీవారు.

ఇక ఆ మీవారి సంగతి. దత్తత పత్రం మీద సంతకం ఆయనది, పాప ముందు మంచి నాన్న అనిపించుకున్నది ఆయన, రాత్రి ఒంటిగంటకు గుడ్డ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చునేది మీరు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాటను మీరు ఎంత తేలికగా మింగేశారో చూసి నాకు బాధ వేసింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఆడమనిషి ఖాళీగా ఉన్నట్టు లెక్క వేయడం మన ఇళ్ళలో మగవారికి బాగా అలవాటైపోయింది. ఆ లెక్క తప్పని మీరు చెప్పకపోతే ఆయనకు ఎవరు చెబుతారు?

అత్తగారిని ఎలా ఒప్పించాలని అడిగారు. ఆవిడను ఒప్పించడం మీ పని కాదు. కొడుకు చేసిన పనికి సంజాయిషీ కొడుకే ఇచ్చుకోవాలి. "అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్న మాట ఆవిడ మీతోనే అన్నారు. కొడుకుకు తల్లి చెప్పరు, భర్తకు మీరు చెప్పరు, ఆయన మాత్రం హాయిగా నిద్రపోతున్నారు. భర్త పోయి, సొంత ఇల్లు వదిలి, మూడో అంతస్తులో ఒక గదికి పరిమితమైన పెద్దావిడను, ఇంట్లోకి ఒక ప్రాణిని తెచ్చేముందు ఒక్క మాట అడగలేదు. ఆవిడ అన్నం మానేసింది మూత్రం కోసమే అనుకుంటున్నారా? తనను అడగలేదన్న బాధ అందులో ఉందని నేను నమ్ముతున్నాను. ఆ బాధ తీరాలంటే కొడుకు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, "అమ్మా, నిన్ను అడగకుండా తెచ్చాను, తప్పు నాది" అనాలి. ఆవిడ మడిని గౌరవించవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. పూజగది గుమ్మానికి చిన్న అడ్డుతలుపు పెట్టించి, కుక్కపిల్ల ఆ గడప దాటకుండా చూసే పూచీ కూడా ఆయనే తీసుకోవాలి.

ఈ ఆదివారం, అత్తగారూ పాపా లేని సమయం చూసి ఆయనతో మాట్లాడండి. ఏడవకండి, అరవకండి, సాయం చేయమని బతిమాలకండి. ఆయన తెచ్చిన ప్రాణికి ఆయన చేసేది సాయం ఎలా అవుతుంది? ఒంటిగంట సంగతీ నాలుగింటి సంగతీ, ఎన్ని రాత్రులుగా ఇలా జరుగుతోందో, మర్నాడు మీటింగుల్లో కళ్ళు ఎలా మూతపడుతున్నాయో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాత్రీ తెల్లవారుజామూ ఆయనవి. పగలు మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి ఆ బాధ్యత మీరు ఒప్పుకోవచ్చు, అది న్యాయమే. నీళ్ళ గిన్నె నింపడం, తిండి పెట్టడం పాపకు అప్పగించండి. గొడవ అవుతుందని భయపడుతున్నారు. అవనివ్వండి. భార్య ఐదు వారాలుగా నిద్ర లేకుండా ఉందన్న సంగతి తెలియని భర్తతో ఒక పూట గొడవ పడటం, ఆ సంగతి ఎన్నటికీ తెలియనివ్వకుండా కాపురం చేయడం కన్నా మర్యాదైన పని అని నా అభిప్రాయం.

తిరిగి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఒకసారి తల్లి నుంచి విడిపోయిన పిల్లను మళ్ళీ కొత్తచోట వదలడం దానికి చాలా కష్టం. అయినా ఆయన తనవల్ల కాదని తేల్చి చెబితే, ఆ మాట పాపతో ఆయనే చెప్పాలి, తీసుకువెళ్ళి అప్పగించే పనీ ఆయనే చేయాలి. ఆ చెడ్డపేరు కూడా మీరు మోయవద్దు.

16 వారాల టీకా ఇంకెంతో దూరంలో లేదు. రేబిస్ టీకా ఇంతవరకు వేయించకపోతే దాని గురించి కూడా వైద్యుణ్ణి అడగాలి. ఆ రోజు మీవారినే సెలవు పెట్టి తీసుకువెళ్ళమనండి. మీరు ఆ పూట ఇంట్లోనే ఉండి, అత్తగారికి వడ్డించి, ఆవిడ పక్కనే కూర్చుని నిదానంగా భోజనం చేయండి.