పాలు అన్న మాట దగ్గర ఆగు

అమ్మలూ,

అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ నవల 'బిలవ్డ్' యాభై పేజీలు చదివి పక్కన పెట్టేశావట. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో అంతు పట్టడం లేదని రాశావు. నాకూ మొదటిసారి అలాగే అయింది. నోటుబుక్కు తీసి సంఘటనలన్నీ సంవత్సరాల వరసలో రాసుకున్నాను. వరస కుదిరింది కానీ నవల చేజారిపోయింది. నువ్వు ఆ పని చెయ్యకు.

మళ్లీ మొదలుపెట్టే ముందు ఈ సంగతి తెలుసుకో. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో కెంటకీ నుంచి పారిపోయి, గడ్డకట్టిన ఒహాయో నది దాటి, బానిసత్వం లేని ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి చేరింది. 1850 నాటి చట్టం ప్రకారం, పారిపోయినవాళ్లు బానిసత్వం లేని రాష్ట్రంలో దొరికినా సరే, యజమానికి అప్పగించాల్సిందే. పట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఇల్లు చుట్టుముట్టగానే ఆమె తన చిన్న కూతుర్ని చంపేసింది, ఆ బతుక్కి మళ్లీ పంపలేక. ఆమెను హత్య చేసిన మనిషిగా విచారించాలా, సొత్తుగా యజమానికి ఇచ్చెయ్యాలా అని వాదనలు జరిగాయి. సొత్తుగానే పంపేశారు.

ఎడిటర్‌గా పనిచేసే రోజుల్లో మారిసన్ కంట ఈ పాత వార్త పడింది. 1987లో నవల వచ్చింది. కానీ ఆవిడ కథను 1856లో మొదలుపెట్టలేదు, 1873లో మొదలుపెట్టింది. అంటే బానిసత్వం రద్దయి ఎనిమిదేళ్లు. యజమాని లేడు. ఇల్లుంది, పనుంది. అయినా ఆ ఇంట్లో చనిపోయిన పసిపిల్ల కోపం తిరుగుతూనే ఉంది. కథ ముక్కలుగా రావడానికి కారణం అదే. గార్నర్ లాగే కూతుర్ని చంపుకున్న తల్లి, కథానాయిక సెథ జరిగింది తిన్నగా చెప్పలేదు. చెప్పబోయి వంటగదిలో గుండ్రంగా తిరుగుతుంది. ఒకప్పుడు ఆమెతో ఒకే చోట బానిసగా ఉన్న పాల్ డి అయితే గుండె ఉండాల్సిన చోట తుప్పుపట్టి బిగుసుకుపోయిన పొగాకు డబ్బా ఉందనుకుంటాడు. వాళ్లను తొందరపెట్టకు. అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు వెళ్లు. చాలా పేజీల తర్వాత అదే సంగతి ఇంకొకరి నోట వస్తుంది, అప్పుడు వెనక్కి తిప్పు.

ఇక నన్ను ఎక్కువగా పట్టుకున్నది పాల సంగతి. పాల్ డి సెథ వీపు మీది కొరడా దెబ్బల గురించి అడుగుతాడు. కడుపుతో ఉన్నదాన్ని కొట్టారా అంటాడు. ఆమె మాత్రం ప్రతిసారీ తన చనుబాలు లాక్కున్నారనే అంటుంది. అంత దెబ్బలు తిన్న మనిషి పాల గురించి ఎందుకంటోందో నాకు చాన్నాళ్లు అందలేదు. తర్వాత 1662 నాటి వర్జీనియా చట్టం గురించి చదివాను. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే, ఆఖరికి యజమానే అయినా. అంటే ఆమె కడుపు అతనికి పెట్టుబడి. కన్నపిల్లలు తన పిల్లలని చెప్పుకోవడానికి ఆమె చేతిలో ఉన్నది ఆ పాలొక్కటే. అదీ పోయింది. వీపు మీద చెట్టులా పాకిన మచ్చలో ఆమెకు స్పర్శ లేదు, పాల మాట మాత్రం పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా పచ్చిపుండు. ఏ దెబ్బ పెద్దదో నువ్వు తేల్చకు, అమ్మలూ. ఆ మనిషి ఏ మాట పదేపదే అంటోందో విను.

ఈ నవల మీద రాసే నీ పేపర్లో అక్కడి బానిసత్వాన్ని మన వెట్టితో పోలుస్తానన్నావు. వద్దనను. తెలంగాణలో దొరల కూతుళ్లతో పాటు ఆడబాపల్ని, అంటే దాసీ పిల్లల్ని, అత్తారింటికి పంపిన మాట నిజం. కానీ ముందు తేడా రాయి. అక్కడ మనుషుల్ని వేలం వేశారు, తల్లినొకచోటికి, బిడ్డనొకచోటికి అమ్మారు. సెథ అత్త బేబీ సగ్స్ ఎనిమిది మందిని కంటే పెద్దయ్యేదాకా దగ్గరున్నది ఒక్క కొడుకే. ఇక్కడ కులం, భూమి, గడీ కలిసి పట్టి ఉంచాయి. అది రాశాక, కన్నబిడ్డ ఎవరిదన్న ప్రశ్న దగ్గర రెండిటినీ కలుపు. రెండు పేరాలు చాలు, పేపరంతా పోలికే అయితే అటూ న్యాయం జరగదు, ఇటూ జరగదు.

రోజుకి ఇరవై పేజీలకు మించొద్దు. రాత్రి పడుకునే ముందు అసలే వద్దు, నాకు నిద్ర పట్టేది కాదు. మరీ బరువనిపిస్తే మధ్యలో ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' చదువు, 1979లో వచ్చింది. కథ సాఫీగా సాగుతుంది. అందులో 1976 నాటి అమ్మాయి బానిసల కాలానికి వెళ్లి, ఒక చెయ్యి పోగొట్టుకుని తిరిగొస్తుంది.

ఇంకోటి. నవల మొదట్లోనే బేబీ సగ్స్ మంచం పట్టి, రంగులు చూడాలని అడుగుతుంది. అంతకు ముందు ఎప్పుడూ ఆమెకు రంగులు చూసే తీరిక దొరకలేదు. ఆ ఇంట్లో ఎటు చూసినా వెలిసిన రంగులే, ఆమె బొంతలో మాత్రం రెండే రెండు నారింజ ముక్కలు. నువ్వు గబగబా దాటేసి ఉంటావు. వెనక్కి వెళ్లి ఆ పేజీలు నోటితో పైకి చదువు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, నా కాపీ ముందు పెట్టుకుని కూర్చుంటాను.

నీ పెద్దమ్మ